ఎంగిలి నాడె

పోయిన వారం మా పెద్దవాడు సూరత్ పక్కన పల్సానాలో తను పనిచేసే కార్ఖానాకు నన్ను తీసుకెళ్లి, నీటిధారతో నేసే కొత్త సాంచాలు చూపించాడు. మరమగ్గాన్ని మావైపు సాంచా అంటాం. కాసేపు చూసి, నాడె ఎక్కడరా అని అడిగితే అక్కడి కుర్రాళ్లు నవ్వారు. దారాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు నీళ్లే లాక్కుపోతుంటే ఇక నాడెతో పనేముంది! నవ్వితే నవ్వారు గానీ, ఇంటికొచ్చి మాత్ర వేసుకుంటుంటే నాకు మా పాత నాడె గుర్తుకొచ్చింది.

మన వయసు నేతగాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావారి కోసం చెబుతున్నాను. దారపు కండెను మోసుకుంటూ మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఆ చెక్క నాడెకు పక్కన చిన్న కన్నం ఉంటుంది. కండె మార్చినప్పుడల్లా ఆ కన్నానికి పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే దారం కొస బయటికొస్తుంది. పగలంతా నేను పీల్చిన నాడెనే డ్యూటీ మారాక మా బావ పీల్చేవాడు. బావంటే మా అక్క మొగుడు, సిరిసిల్ల నుంచి నన్ను సూరత్ తెచ్చి పని నేర్పినవాడు. ఒకరి ఎంగిలి ఒకరికి పోతోందన్న ఆలోచనే మాకు ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో నాకు హెచ్.ఐ.వి. ఉందని తేలింది. ఎలా వచ్చిందని మీరు అడగొద్దు, నేను చెప్పను. మా ఆవిడకూ పిల్లలకూ లేదని తెలిసిన రోజు దేవుడి మీద కోపమంతా పోయింది, నాకంతే చాలు. సర్కారు దవాఖానాలో సలహాలు చెప్పే మేడమ్, వేళకు మాత్ర వేసుకో, కడుపునిండా తిను, తాగుడు మానెయ్, దిగులు పెట్టుకోకు, ఎంగిలితో ఇది ఎవరికీ అంటదు అని వెళ్లినప్పుడల్లా చెప్పేది. తాగుడు మానేశాను, మాత్ర తప్పలేదు. ఎంగిలి సంగతి మాత్రం చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు. తెలిస్తే నేను తాకిన నాడెను బావ ముట్టడు, అక్క గడప తొక్కనివ్వదు, ఈ పరాయి ఊళ్లో ఇక నాకెవరు దిక్కు అని ఒకటే భయం. అందుకని ఒక వంపు తీగ జేబులో పెట్టుకుని దారాన్ని దానితోనే లాగేవాణ్ణి. దారం తెగేది, సాంచా ఆగేది, సేటు అరిచేవాడు.

కనిపెట్టింది బావే. ఒక సాయంత్రం డ్యూటీ మారే వేళ నా చేతిలో తీగ చూసి, టీ బండి దగ్గరికి తీసుకెళ్లి నిలదీస్తే దాచలేక చెప్పేశాను. ఆయన టీ సగంలో వదిలేసి సాంచాల వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు బావ ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే నా జేబులోంచి తీగ లాగి చెత్త దారాల బుట్టలో పారేసి, నాడె నా చేతిలో పెట్టాడు.

"దవాఖాన మేడమ్‌ను అడిగొచ్చిన. ఎంగిలితోని రాదంట. జర జల్ది పీల్చు, సాంచా ఆగింది."

పీల్చాను. బయటికొచ్చిన కొసను ఆయన మళ్లీ లోపలికి లాగేసి, నా తడి ఇంకా ఆరని కన్నానికి తన పెదవులు ఆనించి గట్టిగా పీల్చాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అందులో వింతేమీ కనబడలేదు. నాకు మాత్రం ఏడుపాగలేదు; సాంచాల మోతలో ఎవరికీ వినబడలేదు లెండి.

అక్కకు చెప్పిందీ ఆయనే. ఆ వారం నుంచి నేటిదాకా మా ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. ఈ కథ విని మేడమ్ మా ఇద్దరికీ చివాట్లు పెట్టింది, ఈ జబ్బు రాదు సరే, నోటితో పీలిస్తే పీచుదుమ్ము లోపలికి పోతుంది, ఒకరి దగ్గు ఒకరికి అంటుకుంటుంది, తీగే వాడండని. బావ బుద్ధిగా తలూపి వచ్చి మళ్లీ నోటితోనే పీల్చాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా.

ఇప్పుడు నాకు మనవరాలుంది. రోజూ మాత్ర, పొద్దున్నే నడక, వేళకు రక్తపరీక్ష. షుగరున్న బావకన్నా నేనే గట్టిగా ఉన్నానని అక్క ఆయన్ను దెప్పుతుంటుంది. నేను హాయిగానే ఉన్నాను.

కొత్త సాంచాలు మంచివే, పీచు మింగే బాధ లేదు. జబ్బు గురించి ఆ కుర్రాళ్లకు మాకన్నా ఎక్కువే తెలుసు, మాత్రలూ మెరుగయ్యాయి. అయినా వాళ్లలో నాలాంటివాడు ఒకడుంటే, పక్కవాడు తనను చూసి జంకడని వాడికి ఎలా తెలుస్తుందా అనుకున్నాను. మాకైతే నాడె ఉండేది.