పనిముట్ల పెట్టె ఏ వైపు

ఆ కంపెనీ వాళ్ళ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "త్వరలో" అనే మాట మళ్ళీ వాడకుండా వాళ్ళకేదైనా శిక్ష వేయాలనిపించేది. కొత్త కిట్ వస్తోందని ఫోటో పెడతారు. వేసవికంటారు. వేసవి దాటాక చలికాలానికంటారు. ఈలోగా మా వైపు మిర్చి కోతకొచ్చి, కల్లాల్లో ఎండి, టిక్కీ బస్తాల్లోకెక్కి యార్డుకి వెళ్ళిపోతుంది. మళ్ళీ నారు పోస్తారు. మా కిట్ మాత్రం రాదు.

కిట్ అంటే ఏమిటో చెప్పాలి. అసలు మిలటరీ బండిని ముప్పై ఐదో వంతుకు కుదించి, కొన్ని వందల ప్లాస్టిక్ ముక్కలుగా అచ్చుపోసి అమ్ముతారు. ఒక్కో ముక్కా కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, అతికించి, రంగు వేసి, బురద పూసి మనమే బండి తయారు చేసుకోవాలి. చిలకలూరిపేటలో హైస్కూల్ లెక్కల టీచర్ని నేను. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ కోసం మొదలుపెట్టిన ఈ పని ఇంట్లో ఒక గది మొత్తం ఆక్రమించింది. మా ఆయన ఆ గది గుమ్మం దగ్గరే ఆగి, "యుద్ధం ఎప్పుడు మేడం గారూ, బియ్యం తెచ్చిపెట్టుకోమంటారా?" అని అడుగుతుంటాడు.

మా పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. రెండేళ్ళ పాటు నన్ను "బ్రదర్" అన్నారు. సంగతి తెలిశాక అంతకన్నా ఘోరం మొదలైంది. నేను ఏదైనా చెబితే, అదే విషయాన్ని ఇంకొకడు అందుకుని తిరిగి నాకే వివరించేవాడు. ట్యాంకు చక్రాలు ఎన్నో నాకు నేర్పబోయిన ఒక పెద్దమనిషిని నేను మర్యాదగా కడిగేశాను. ఆ తర్వాత అందరూ కాస్త జాగ్రత్తపడ్డారు. ఎవరి కిట్‌లో తప్పున్నా, ఎవరి రంగు తేడా కొట్టినా మొదట పట్టుకునేది నేనే. బండి మీది రివిట్లు కూడా లెక్కపెట్టే మేడం అని పేరు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

ఈ కిట్ కోసం నాతో పాటు ఎదురుచూసిన పెద్దాయన నాకు పరిచయమైంది స్కూలు ఎగ్జిబిషన్లోనే. హైవే మీద ఒక పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. సొంతూరు అద్దంకి పక్క. మనవరాలు మా స్కూల్లో చదువుతుంటే చూడ్డానికి వచ్చారు. నా ట్యాంకు ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

"బాగుంది మేడం. మరి ఇది బురదలో కూరుకుపోతే లాగే బండి ఏదండీ?" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మిలటరీలో పదహారేళ్ళు ఆయన నడిపింది ఆ లాగే బండినేనట. రికవరీ బండి అంటారు. దానికి తుపాకీ గొట్టం ఉండదు. గొలుసులు, కొక్కేలు, ఇనప తాళ్ళు ఉంటాయి. ట్యాంకుల కిట్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయిగానీ ఆయన నడిపిన ఆ రకం బండిని ఏ కంపెనీ చేయలేదు. కాల్చేవాటికున్న గౌరవం లాగేవాటికి లేదు. ఆ మాట తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే తెల్ల చొక్కాతోనే మా ఇంటికొచ్చారు. నా దగ్గరున్న పాత కిట్ ఒకటి ఇచ్చాను. నాలుగు వారాల్లో, నేను చేసినదానికన్నా శుభ్రంగా చేశారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మా పనిగదిలో ఆయనకో కుర్చీ. మాట తక్కువ. కుడి అరచేతిలో అడ్డంగా పెద్ద కాలిన మచ్చ ఉండేది. మిల్లులో ఏదో తగిలి ఉంటుందనుకున్నాను.

మాకో నియమం ఉండేది. మిల్లులు ఆడే నెలల్లో రంగు వేయం. ఊళ్ళో గాలంతా దూది నూగే. కిటికీలు ఎంత బిగించినా తడి రంగు మీదకొచ్చి అతుక్కుంటుంది, ఇక అది వదలదు. ఆ నెలల్లో అతికించుకోవడం, మిల్లులు ఆగాక రంగు. అందుకే కిట్ ఒక్క నెల ఆలస్యమైతే మాకు ఒక ఏడాది పోయినట్టే.

ఆయనకు ఏడాదులు అట్టే లేవు. చేతులు వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర చూశాను. గుంటూరులో డాక్టరుకి చూపించుకుంటే మందులిచ్చి, ఇది పెరిగేదేగానీ తగ్గేది కాదని చెప్పాడట. ఆ మాట నాకు చెబుతూ ఆయన, "మా బండి ఒక్కటి నా చేత్తో చేసుకుంటే చాలండి. తర్వాత ఏమైనా కానీ" అన్నారు.

ఆయన అలా అన్న నెలకే ప్రకటన వచ్చింది. అదే బండి. అదే రకం. నేను స్కూలు స్టాఫ్‌రూమ్‌లో గట్టిగా అరిస్తే తెలుగు మాస్టారి చేతిలో చాక్‌పీసు కిందపడింది. ఆ ఆదివారం ఫోన్లో ఫోటోలు పెద్దవి చేసి చూపించాను. కంపెనీ వాళ్ళు ఎక్కడో కంటోన్మెంటు గేటు ముందు నిలబెట్టిన పాత బండిని కొలతలు తీసుకుని చేశారట. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో ఫోటో నిదానంగా చూశారు.

"ఇదేనండి. అచ్చం మా బండే" అన్నారు.

నేను వినలేదు. అంటే చెవిన పడింది, సంతోషంలో అన్నారనుకున్నాను. నా దృష్టంతా తప్పుల మీద ఉంది. నా దగ్గర లావుపాటి పుస్తకం ఉంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త బండి ఫోటోలతో. అందులో పనిముట్ల పెట్టె కుడివైపు ఉంది. కంపెనీ బొమ్మలో ఎడమవైపు ఉంది. "చూశారా, ఎంత అన్యాయమో! ఇంత పెద్ద పెట్టెని అటుదిటు చేశారు" అన్నాను.

"అది అటే ఉంటుందండీ..." అని ఆయన ఏదో చెప్పబోయారు.

"మీకు గుర్తుండదులెండి, ఇన్నేళ్ళయింది. పుస్తకంలో స్పష్టంగా ఉంది" అన్నాను.

నేను ఆయన ఎదురుగానే కూర్చుని కంపెనీకి ఉత్తరం రాశాను. పుస్తకంలోని ఫోటోలు జోడించాను. "పనిముట్ల పెట్టె తప్పు వైపు ఉంది. దయచేసి సరైన ఆధారాలు చూడండి" అని మొదటి వాక్యం. గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి. మరో ఇరవై మంది అదే ఉత్తరం పంపారు.

కంపెనీ స్పందించింది. అభిమానుల సూచన మేరకు అచ్చు మారుస్తున్నామని, విడుదల వెనక్కి జరుగుతుందని ప్రకటించింది. ఆ రోజు నేను ఇంట్లో స్వీట్లు పంచాను. అవును, పంచాను.

ఆ తర్వాత అసలు కథ. ఒక వేసవి పోయింది. అచ్చు పని అవలేదన్నారు. మిల్లులు మొదలయ్యాయి, ఆగాయి. ఓడ బయల్దేరిందన్నారు. కస్టమ్స్‌లో ఆగిందన్నారు. నేను ఎన్ని ఉత్తరాలు రాశానో! మనుషుల ఎదురుచూపుతో ఆడుకుంటారా, ఇది వ్యాపారమా, దగాయా అని తెగ తిట్టాను. ప్రతి ఆదివారం ఆయన తెల్ల చొక్కాతో వచ్చి, "ఏమన్నా తెలిసిందాండీ?" అని అడిగేవారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాంతో ఇంకోటి పట్టుకుని కూర్చునేవారు. టీ గ్లాసు సగమే పోసి ఇవ్వడం మొదలుపెట్టాను.

ఒకరోజు భోజనాల దగ్గర నేను కంపెనీని దుమ్మెత్తిపోస్తుంటే మా ఆయన అన్నాడు: "మార్చమని రాసింది నువ్వేగా?"

"తప్పుంటే చెప్పొద్దా?" అని లేచిపోయాను. ఆ పూట అన్నం సగంలో వదిలేశాను. వారం రోజులు మా ఆయనతో మాట్లాడలేదు.

చివరికి కిట్ వచ్చింది. ఆదివారానికి ముందే వచ్చినా విప్పకుండా ఆపాను. మూత ఆయన చేతే తీయించాను. కొత్త ప్లాస్టిక్ వాసన గదంతా కమ్మింది. ఆయన ముక్కలు అంటిపెట్టుకుని ఉన్న ఫ్రేము ఒకటి పైకి తీసి వెలుగుకి పట్టుకున్నారు. అది గలగలలాడింది. కత్తెర తీసుకున్నారు. మొదటి ముక్క ఎగిరి బల్ల కింద పడింది. రెండోది రెండుగా తెగింది. పట్టకారుతో మూడోదాన్ని అందుకోవడానికి చాలాసేపు ప్రయత్నించి, పట్టకారు మెల్లగా బల్ల మీద పెట్టేశారు.

"ఏడాదిన్నర కింద వచ్చుంటే అయిపోయేదండి" అన్నారు. ఆ మాటలో ఎవరి మీదా నింద లేదు.

ఏదో ఒకటి చేయాలని, అచ్చు మార్చి చేసిన ఆ పనిముట్ల పెట్టె ముక్కని చూపించి, "ఇదైనా సరిగ్గా చేశారులెండి. కుడివైపు" అన్నాను.

ఆయన నవ్వి అరచేయి నా ముందు చాపారు. అది వణుకుతూనే ఉంది. మచ్చ మీద వేలు పెట్టి చూపించారు.

"కుడివైపు పొగగొట్టం ఉంటుందండీ మేడం. ఇంజన్ నడిస్తే పెట్టె మూత పెనంలా కాలేది. స్పానర్ తీయబోతే ఇలా అంటుకుపోయింది. అందుకని మేమే కోసేసి ఎడమవైపు వెల్డింగ్ పెట్టాం. మా దగ్గర బళ్ళన్నిటికీ అంతే చేశాం. ఆ గేటు ముందు నిలబెట్టింది కూడా అలాంటిదే అయ్యుంటుంది."

నాలుగేళ్ళుగా ఆ చెయ్యి నా బల్ల మీద ఉంది. నా పుస్తకం కన్నా దగ్గరగా ఉంది. కంపెనీ సరిగ్గా చేసిన బండిని నేను పట్టుబట్టి తప్పు చేయించాను, ఆ తప్పు కోసం ఆయన చేతుల్లో మిగిలిన ఏడాదిన్నరా ఖర్చు పెట్టించాను. ఇన్నాళ్ళూ ఎవరెవరినో తిట్టిన తిట్లన్నీ వెనక్కి తిరిగొచ్చి నా ముఖాన పడ్డాయి. ఏడ్చాను. ఆయన కంగారుపడి, "ఊరుకోండమ్మా, ప్లాస్టిక్కే కదా, కోసి పెడదాం" అన్నారు.

కోశాం. ఆయన చెప్పారు, నేను చేశాను. ఇనప తాడు ఎటు చుట్టాలో, కొక్కెం ఎక్కడ అరుగుతుందో, ఏ మెట్టు మీద రంగు ముందు పోతుందో చెబుతుంటే నేను నోరు మూసుకుని చేశాను. మిల్లులు ఆగాక రంగు వేశాం. చక్రాలకు పూసింది అద్దంకి చేల నల్లమట్టి, ఆయనే పొట్లం కట్టి తెచ్చారు. మట్టి మాత్రం ఆయనే పూశారు. వణికే చేతికి ఆ పని బాగా కుదిరింది.

ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఆయన పక్కనే కూర్చుని బండిని చూసుకుంటున్నారు. నిమిషం కాకుండానే జవాబు వచ్చింది: "మేడం, పనిముట్ల పెట్టె తప్పు వైపు ఉంది. దయచేసి సరైన ఆధారాలు చూడండి."

నా వాక్యమే. ఒక్క అక్షరం తేడా లేదు. వాడిని ఏకిపారేద్దామని ఫోన్ అందుకున్నాను.

"ఏమంటున్నారండీ?" అని ఆయన అడిగారు. చదివి వినిపించాను.

"అడుగుతున్నారుగా, చెప్పండి మరి" అన్నారు.

"వీళ్ళు అడగడం లేదండీ, చెబుతున్నారు" అన్నాను కోపంగా.

ఆయన బండి మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నారు: "మీరూ అంతే కదండీ మేడం."