వెంకటస్వామి గారి నూరు తూటాలు

వెంకటస్వామి గారు లెక్కపెట్టడం మొదలుపెడితే, దేవుడు ప్రత్యక్షమైనా కాసేపు నిలబడాల్సిందే. పలకరిస్తే లెక్క పోతుంది. పోతే మళ్లీ మొదటినుంచి. వరాల సంగతి ఆ తర్వాత.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వెనక వీధిలోనే ఆయన ఇల్లు. కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. మిగతా మనవాళ్లు శనివారం పూట క్రికెట్‌కి పోతే ఈయన గ్యారేజీలో కూర్చుని తూటాలు తయారుచేసేవారు. రైఫిల్ క్లబ్బులో కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న బిళ్ల బిగించి, మందు పోసి, పైన గుండు కూర్చితే పాత తూటా మళ్లీ కొత్తదవుతుంది. అలాంటివి ఇరవై కలిస్తే ఒక డబ్బా.

ఈ పనివల్ల ఆయన భార్య పద్మజ గారికి వచ్చిన తంటా ఒక్కటే. ఓసారి కరీంనగర్ నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసి, "అల్లుడేం చేస్తున్నడే?" అంది.

"గ్యారేజీల మందు పోస్తున్నడమ్మా."

"మీకక్కడ పొద్దుగాల గదనే?"

"పొద్దుగాల అయితేనే చెయ్యి వణకదట."

ఆ పెద్దావిడ మర్నాడే కొండగట్టు అంజన్నకి మొక్కుకుంది.

లెక్కలో వెంకటస్వామి గారు "ఒకటి" అనరు. వడ్లు కొలిచేవాళ్లలా "లాభం" అంటారు. ఓసారి నేను గ్యారేజీలోకి వెళ్లి, "స్వామి గారూ, కాఫీ తాగుతారా?" అన్నాను. చెయ్యి ఆగింది. కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఎనభై నాలుగు దాంక వచ్చిన."

"సారీ అండీ."

"లాభం..."

తూటాలతో ఆగితే బాగుండేది. తెలుగు సంఘం పిక్నిక్‌లో గారెలు కూడా లెక్కపెట్టారు. "మూడొందల పన్నెండు రావాలె. మూడొందల పదకొండే ఉన్నయి. ఒకటి ఎటు పోయింది?" అని అందర్నీ నిలదీశారు. పళ్లెం పక్కనే నిలబడ్డ నేను జవాబు చెప్పలేకపోయాను. నోరు ఖాళీ లేదు.

మింగాక అడిగాను, "ఎందుకండీ ఇంత చాదస్తం?"

"గారె తక్కువైతే నీ కడుపులున్నదని తెలుసు. తూటాల మందు పడకపోతే? గుండు రైఫిల్ గొట్టంలనే ఇరుక్కుంటది. తెల్వక దాని ఎనక ఇంకోటి పేలిస్తే గొట్టం మొహం మీద పగుల్తది. బిళ్లలు నూరు, గుండ్లు నూరు, మందు నూరు కొలతలు. మూడు లెక్కలూ కలవాలె."

పదకొండేళ్లలో ఆయన లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. క్లబ్బులో అందరూ ఆ మాట చెప్పుకునేవారు. అది విన్నప్పుడల్లా ఆయన ఛాతీ ఓ అంగుళం పెరిగేది.

మా ఆవిడ జయంతి ఆయన శిష్యురాలు. డెంటిస్టు ఆఫీసులో పనిచేస్తుంది. యాభయ్యో ఏట రైఫిల్ పట్టింది. "ఈ వయసులో గురి కుదురుతుందా?" అన్నాను. "పాతికేళ్లుగా మీకు గురిపెట్టడం అలవాటేగా" అంది. కుదిరింది. ఎంత కుదిరిందంటే, అక్టోబరులో క్లబ్బుల మధ్య జరిగే ఆడవాళ్ల పోటీకి మావాళ్లు తననే పంపారు. ఆ కప్పు ఆరేళ్లుగా పక్క ఊరి క్లబ్బువాళ్ల అద్దాల బీరువాలో ఉంది.

పోటీకోసం వెంకటస్వామి గారు నూరు తూటాలు సిద్ధం చేశారు. పని నేర్చుకుంటానని జయంతి కూడా రెండు శనివారాలు పక్కన కూర్చుంది.

పోటీ రోజు ఉదయం జయంతి ప్రాక్టీసుగా పన్నెండు కాల్చింది. ఇక అసలు పోటీ మొదలవబోతుంటే పార్కింగ్‌లో కారు కీచుమని ఆగింది. వెంకటస్వామి గారు చేతులూపుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

"ఆపుండ్రి! సీజ్ ఫైర్! సీజ్ ఫైర్!"

అందరూ రైఫిళ్లు కింద పెట్టేశారు. ఆయన రొప్పుతూ చెప్పారు. ఎందుకో అనుమానం వచ్చి పొద్దున మందు డబ్బా తూచారట. ఒక్క తూటాకు పట్టేంత మందు ఎక్కువ మిగిలిందట. అంటే నూరింటిలో ఒకదాంట్లో మందు లేదు.

ముసలి రిఫరీ వాచీ చూసుకున్నాడు. "కొనుక్కున్న తూటాలతో కానివ్వచ్చుగా, స్వామీ?"

"ఆమె చేతికి అలవాటైనవి ఇవి. ఇరవై నిమిషాలియ్యి."

నగల కొట్టు తరహా చిన్న త్రాసు బల్లమీద పెట్టి, మిగిలిన ఎనభై ఎనిమిదీ ఒక్కొక్కటే తూచడం మొదలుపెట్టారు. "లాభం, రెండు, మూడు..." యాభై దాటాక అవతలి క్లబ్బామె ఆగలేక, "దొరికిందా?" అంది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"లాభం..."

ఈసారి రిఫరీయే నోటిమీద వేలేసుకుని అందరివైపూ గుడ్లురిమాడు. చివరికి ఒక తూటా తేలిగ్గా తూగింది. "హమ్మయ్య, దొరికిందిగా, చాలండీ" అన్నాను.

"ఒక్కటే అని ఎవరు చెప్పిన్రు నీకు?"

మొత్తం తూచాకే లేచారు. ఖాళీ తూటా జేబులో వేసుకుని, అందరికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పారు, "నా లెక్క తప్పింది. క్షమించండి."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. నిజం చెప్పొద్దూ, గారె సంగతి గుర్తొచ్చి నాకూ కాస్త సంతోషమే వేసింది. జయంతి మొహం మాత్రం పాలిపోయింది. రైఫిల్ వైపు కూడా చూడలేదు. ఆయనే ఆమె దగ్గరికెళ్లారు.

"అమ్మా జయంతీ, తప్పు నాది. నువ్వు మనసుల పెట్టుకోకు. మిగిలిన ఎనభై ఏడు నిన్ను మోసం చెయ్యవు. ఊపిరి తీసుకో, కాల్చు."

తను ఊపిరి తీసుకుంది. కాల్చింది. నలభై తూటాలు, నాలుగొందల పాయింట్లకి మూడొందల తొంభై ఒకటి! అవతలి ఆమెకి మూడొందల ఎనభై ఎనిమిది. ఆరేళ్ల తర్వాత కప్పు మాది. నేనైతే రిఫరీని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. ముసలాయన కాబట్టి ఒక్కసారే తిప్పాను.

క్లబ్బు హాల్లో కప్పు అందుకుని జయంతి మైకు దగ్గరికి వెళ్లింది. థాంక్యూ చెప్పి దిగిపోతుందనుకున్నాను.

"ఒక్క మాట చెప్పాలి. ఆ ఖాళీ తూటా దొరికింది అయిదో డబ్బాలో. అయిదో డబ్బా మొత్తం నేనే నింపాను. నన్ను నమ్మి స్వామి గారు దాని లెక్క నాకే వదిలేశారు. మధ్యలో మావారు ఫోన్ చేసి, పెరుగు తేవాలా అని అడిగారు. ఆ మాటల్లో పడి ఒక తూటాలో మందు పోయడం మర్చిపోయాను. స్వామి గారి లెక్క ఈ రోజుక్కూడా తప్పలేదు. నా చెయ్యి వణక్కూడదని నా తప్పు తన నెత్తిన వేసుకున్నారు."

అందరి తలలూ ముందు నావైపు తిరిగాయి. నేను తన చేతిలోని కప్పు మీది చెక్కడం పనిని దూరంనుంచే పరిశీలించాను. తర్వాత ఒక్కొక్కరే ఆయనవైపు తిరిగి, లేచి నిలబడ్డారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు. అందరికంటే ముందు లేచింది అవతలి క్లబ్బామె.

వెంకటస్వామి గారికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చటుక్కున కిందికి వంగి, చప్పట్లు ఆగేదాకా బూట్ల లేసు కట్టుకుంటూ కూర్చున్నారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఆయన కాళ్లకున్నవి హవాయి చెప్పులు.