తాత కట్టిన ముడులు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక తాత వేసవిలో ఆడపిల్లలకు నూలు పని నేర్పుతున్నాడని నాకు మొదట చెప్పింది మా ఇంట్లో పాలు పోసే అత్తమ్మ. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను బడికి పోకుండా పది దాకా ఇంట్లో అమ్మ దగ్గరే చదివి పరీక్ష రాశాను. కిందటేడు బంద్‌ల మధ్య ఇంటర్‌లో చేరే గడువు దాటిపోయింది. ఏడాది పోయింది, ఇక నాకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోలేనని చదువు మీదే ఆశ వదిలేశాను.

తాతది పోచంపల్లి. చీరల దుకాణం వెనక గదిలో నూలుకు సైకిల్ ట్యూబు ముక్కలతో ముడులు కట్టేవాడు. ముడి ఉన్నచోట రంగు అంటదు, అక్కడే పువ్వు తేలుతుంది. కరెంటు పోయినా, బస్సు తప్పినా ఆయనది ఒకటే మాట: "ఏం పోలే."

మొదటి రోజే నేను, నూలు చిక్కుపడిందనుకుని, ఆయన వారమంతా కట్టిన ముడులను ఓపికగా విప్పేశాను. మెచ్చుకుంటాడని తీసుకెళ్లి చూపించాను కూడా!

తాత బొజ్జ కదిలేలా నవ్వాడు. "ఒక్క పోగు తెంపకుండ ఇప్పినవ్ గద బిడ్డా! గింత ఓపిక నాకే లేదు."

"మీ వారం పోయింది తాతా," అని ఏడ్చాను.

"ఏం పోలే. నూలున్నది, మనమున్నం. మళ్ల కడ్దాం, కూసో."

ఇద్దరం కలిసి కట్టాం. కడుతూ కడుతూ నా చదువు ఏడాది ఆగిన సంగతి చెప్పాను. ఆఖరి ముడి వేశాక అడిగాడు: "నా వారం మళ్లొచ్చె. మరి నీ ఏడాది యాడికి పోయిందే?"

దేవుడి దయ, ఆ జూన్‌లోనే ఎల్బీనగర్ కాలేజీలో ఫారం నింపాను.

మీ ఇంట్లో ఏ బిడ్డ చదువైనా ఏడాది ఆగితే, దీపం పెట్టేటప్పుడు ఆ తాతను ఒక్కసారి తలుచుకోండి.