ఆఖర్న వచ్చినోళ్లే మొదలుపెట్టాలె

నార్సింగిలో పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. పిల్లల ముందు ఏడవలేక, సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను.

నాకు రక్తసంబంధం కాదు. విగ్రహం, పూజారి లేకుండా అన్ని కులాలవాళ్లం ఒక్క చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకునే మా చిన్న సమాజాన్ని నడిపింది ఆమె. చిన్నవయసులోనే భర్త పోయినా బొట్టు తీయలేదు. "ఇది నేను పుట్టిన అవ్వగారింట్ల పెట్టింది, ఆయన తెచ్చింది గాదు" అనేది. వితంతువులకు మళ్లీ పెళ్లి చేయించి, తొలి బొట్టు తనే పెట్టేది.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఆదివారం పొద్దున ప్రార్థనకు ఎవరు ఆఖరున వస్తే వాళ్లే పాట మొదలుపెట్టాలి. లోపలికి రావచ్చో లేదోనని గడప దగ్గర తచ్చాడేవాళ్లే ఎప్పుడూ ఆఖరున వచ్చేది. "వాళ్ల గొంతు ముందల్కి వచ్చినంక మనిషి వెనక్కి పోడు, బిడ్డా" అనేది.

నేను తొలిసారి వెళ్లినరోజు పట్నం నుంచి బండి ఆలస్యమైంది. అందరూ నావైపే చూస్తున్నారు.

"పెద్దమ్మా, నాకు దేవుడి మీద గట్టి నమ్మకం లేదు" అన్నాను.

"నమ్మకం నాకున్నది. నువ్వు గొంతియ్యి, చాలు."

మొదలుపెట్టాను. ఊరి బయటి వాడ నుంచి వచ్చే, కట్టెలు మోసి అమ్మే కట్టెల అవ్వ "గింత సదువుకున్నది, గొంతేంది కోడిపిల్ల లెక్కున్నది!" అంటే ఇల్లంతా నవ్వింది. నా సందేహాలు ఈనాటికీ తీరలేదు. వాటిని ఒళ్లో పెట్టుకుని కూడా పదిమందితో కూర్చోవచ్చని ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

ఆమెను సాగనంపి వచ్చాక, ప్రార్థనకు ఇల్లిచ్చిన ఊరి పటేల్ అన్నాడు: "ఆమె ఉన్నన్నాళ్లు నడిచింది. ఇగ పట్నం పోయి పూజ చేసే పంతులును తోల్కొస్త."

"అయితే మేం యాడ కూసోవాలె, పటేలా?" అంది కట్టెల అవ్వ.

ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు. పంతులొస్తే ముందు వరుస, వెనక వరుస వస్తాయి. ఆ తర్వాత కొందరు గడప అవతలే మిగులుతారు. అది మా అందరికీ తెలుసు.

ఆదివారం అందరం పెందలాడే చేరాం. పంతులు కోసం పోయిన పటేల్ ఇంకా రాలేదని పాట ఎత్తుకోకుండా కూర్చున్నాం. తలుపు తెరిచే ఉంది. చుట్టుపక్కలవాళ్లు పగలే గడియలు పెట్టుకున్న కొట్లాటల గడబిడ రోజుల్లో కూడా పెద్దమ్మ దాన్ని మూయనివ్వలేదు. "ఇంకొకలు వస్తుండొచ్చు" అనేది.

చాలాసేపటికి పటేల్ వచ్చాడు, ఒక్కడే.

"పంతులేడి?" అంది అవ్వ.

"అందరితోని ఒక్క చాప మీద కూసోనన్నడు." ఆయన తల దించుకున్నాడు. "ఆమె ఉంటే నన్నేమంటుండెనో అని తొవ్వ పొడుగున అదే ఫికర్."

"ఏమంటది? ఆఖర్న వచ్చినవ్, మొదలువెట్టు అంటది" అంది అవ్వ.

కట్టెలమోపు కింద పెట్టుకునే తలగుడ్డ చుట్టను పక్కకు జరిపి చోటిచ్చింది. పటేల్ ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆయన పాట ఎత్తుకున్నాడు. మేమందరం అందుకున్నాం.

తెరిచిన తలుపులోంచి వాకిలి కనిపిస్తోంది. దుమ్ములో మా అందరి చెప్పుల చివర ఆయన జత, ఆ పక్కన ఇంకో జత పట్టేంత చోటు.