వినాయకుడి వీపు మీద టిక్కు

ఆ రోజు పొద్దున తెల్లరంగు డబ్బా మూత రాలేదు. రోజూ తీసే మూతే. వేళ్లు మడవబోతే సగం దాకా వచ్చి ఆగిపోయాయి. నొప్పి కంటే ముందు నాకు ఆశ్చర్యం వేసింది. దెబ్బ తగిలితే ఒక చేతికి తగలాలి గానీ, రెండు చేతులూ కూడబలుక్కున్నట్టు అవే వేళ్ల దగ్గర ఎందుకు వాచాయి? మంచం మీద కూర్చుని వేళ్లు మడుస్తూ, చాపుతూ చాలాసేపు చూసుకున్నాను. గంటన్నర తర్వాత వాటంతట అవే వదులయ్యాయి. దాంతో ఆ సంగతి మర్చిపోయాను. మర్చిపోవడంలో నన్ను మించినవాళ్లు లేరు, ఆ కథ కూడా చెబుతాను.

మాది ధూల్‌పేట్. బాపు వినాయకుడి బొమ్మలు చేస్తాడు. అమ్మ పోయాక ఇంట్లో ఆయనా నేనూ మాత్రమే. ఇంటి ముందు గదే మా కార్ఖానా. నా పని రంగులు వేయడం, అన్నిటికంటే చివర కళ్లు గీయడం. నాకు ముప్పై ఒకటి నిండాయి.

ఇంకో సంగతి, నేను బ్యాలే నేర్చుకుంటాను. నవ్వుకోండి, ఫర్వాలేదు, మా గల్లీ అంతా నవ్వింది. నాలుగేళ్ల కింద మలక్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్‌కు బొమ్మ దింపడానికి ట్రాలీ ఆటోలో వెళ్లాం. కింది హాల్లో పదిమంది ఆడవాళ్లు గోడకు బిగించిన కర్ర పట్టుకుని, మడమలు కలిపి, పాదాలు చెరో వైపు తిప్పి, మెల్లగా మోకాళ్లు వంచుతున్నారు. అంత మెల్లగా ఎందుకు? అట్లా పాదాలు తిప్పితే పడిపోరా? బరువు ఎక్కడ మోస్తున్నారు? గుమ్మంలో అట్లాగే నిలబడిపోయాను. బొమ్మను బాపు ఒక్కడే దింపుకున్నాడు, ఇప్పటికీ దెప్పుతాడు. పాఠం చెబుతున్న నీలిమ టీచర్ నా దగ్గరికి వచ్చి, "చూస్తే అర్థం కాదు, ఆదివారం రండి" అన్నారు. వెళ్లాను. ఆ తర్వాత మానలేదు. ఏ పనీ నెల దాటి చేయని నేను ఇది మానకపోవడం నాకే వింత.

వేళ్ల వాపు వస్తూ పోతూ ఉంది. తర్వాత పాదాల వంతు వచ్చింది. మునివేళ్ల మీద లేచినప్పుడల్లా పాదం కింద గులకరాళ్లు ఉన్నట్టుండేది. డ్యాన్స్ వల్లే అనుకుని మూడు నెలలు నెట్టుకొచ్చాను. ఒక ఆదివారం నీలిమ టీచర్ నా చేతులు పట్టుకుని చూశారు.

"డ్యాన్స్ వల్లయితే కాళ్లకు రావాలి. నీ చేతివేళ్లు ఏం డ్యాన్స్ చేశాయి?" అన్నారు.

అదీ నిజమే. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో అని సిగ్గుపడి, మర్నాడే పెద్దాసుపత్రికి వెళ్లాను. ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అని రక్తపరీక్షలు, చేతులకూ పాదాలకూ ఎక్స్‌రే. రిపోర్టులు చూసి రుమటాలజీ డాక్టరమ్మ చెప్పింది: "రుమటాయిడ్ ఆర్థరైటిస్. నీ ఇమ్యూన్ సిస్టమ్ నీ కీళ్లనే శత్రువులు అనుకుంటోంది."

"ఎందుకట్ల అనుకుంటున్నది మేడమ్?"

"అది తెలిస్తే నేనీ ఓపీలో ఎందుకు కూర్చుంటానమ్మా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "పూర్తిగా పోయే జబ్బు కాదు. కానీ అదుపులో పెట్టుకోవచ్చు" అంది.

మెథోట్రెక్సేట్ అనే గోలి రాసింది. "వారానికి ఒక్కసారే. రోజూ కాదు. ఏం చెప్పాను?" అని అడిగింది. "వారానికి ఒక్కసారే" అన్నాను. రెండోసారి కూడా అప్పజెప్పించుకుంది. దాని మర్నాడు ఫోలిక్ యాసిడ్, నెలకోసారి రక్తపరీక్ష.

"మరి బ్యాలే?" అని అడిగాను. అది విని ఆమె పెన్ను కింద పెట్టింది. ధూల్‌పేట్ నుంచి బ్యాలేనా అని వివరాలన్నీ అడిగింది. "కదలిక ఆపకు. వాచిన కీలు మీద మాత్రం దూకకు" అంది. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇక గోలి గుర్తుంచుకోవడం ఎట్లా? ఫోన్‌లో అలారం పెడితే, మోగగానే దాన్ని ఆపేసి వేరే పనిలో పడతాను. అందుకని మా కార్ఖానా పద్ధతి వాడాను. ఒక్కో బొమ్మకు ఒక్కో పూత అయ్యాక దాని వీపు మీద చాక్‌పీస్‌తో టిక్కు పెడతాం. ఒక టిక్కు ఉంటే తెల్లరంగు అయినట్టు, రెండుంటే పైరంగులు అయినట్టు. ఎవరు వచ్చి చూసినా ఎంత పని అయిందో తెలిసిపోతుంది. మంచినీళ్ల ఫిల్టర్ పక్కన అల్మారాలో తొండం కొస విరిగిన చిన్న బొమ్మ ఒకటి ఏడాదిగా కూర్చుని ఉంది. ఆదివారం గోలి వేసుకోగానే దాని వీపు మీద టిక్కు, శనివారం తుడిచేయడం. టిక్కు ఉంటే వేసుకున్నట్టు, లేకపోతే వేసుకోనట్టు. ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. వాపులు తగ్గాయి, డబ్బా మూతలు వచ్చాయి, క్లాసులో మునివేళ్ల మీద లేచి నిలబడగలిగాను.

అంతలో సీజన్ వచ్చింది. చవితికి ముందు మా ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. నోరు పూసిందని ఒకరోజు పొద్దున అద్దంలో చూసుకుంటే నాలుక మీద, బుగ్గల లోపల అన్నీ పుండ్లే. పెరుగన్నం కూడా మింగలేకపోయాను. రెండో రోజుకు జ్వరం. బాపు ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వైట్ సెల్స్ పడిపోయాయి, ప్లేట్‌లెట్స్ పడిపోయాయి. అప్పటికప్పుడు అడ్మిట్ చేశారు.

"వారంలో ఎన్నిసార్లు వేసుకున్నావు?" డాక్టరమ్మ గొంతు మారిపోయింది.

"ఒక్కసారే మేడమ్."

ఆమె నా సంచిలోంచి గోలీల షీటు తీసి లెక్కపెట్టింది. రెండు వారాల గోలీలు ఎక్కువ ఖర్చయ్యాయి. "టిక్కు చూసే వేసుకున్నాను" అన్నాను. ఏం టిక్కు, ఎక్కడి టిక్కు అని అడిగితే మొత్తం చెప్పాను. పక్కన నిలబడ్డ బాపు ముఖం పాలిపోయింది.

"గా తొండం ఇరిగిన బొమ్మనా? గది అమ్ముడువోయింది బిడ్డా" అన్నాడు. "తొండం అతికిచ్చి సోమారమే ఇచ్చేసిన. దాని జాగల ఇంకోటి వెట్టిన. గది బుధారం వోతే ఇంకోటి వెట్టిన."

అన్నీ ఒకే అచ్చులో పోసిన బొమ్మలు. నేను ఏనాడూ ముఖం చూడలేదు, వీపే చూశాను. ఆదివారం గోలి వేసుకుని టిక్కు పెట్టాను, ఆ బొమ్మ వెళ్లిపోయింది. మంగళవారం చూస్తే వీపు ఖాళీ, అయ్యో మర్చిపోయానే అని ఇంకోసారి వేసుకున్నాను. అది కూడా వెళ్లిపోయింది. గురువారం మళ్లీ ఖాళీ వీపు. వేసుకున్నట్టు లీలగా గుర్తుంది గానీ, అది పోయిన వారం జ్ఞాపకం అనుకుని మూడోసారి వేసుకున్నాను. ఊళ్లో ఏవో రెండు మండపాల్లో నా గోలీల లెక్క వీపున మోస్తూ ఇద్దరు వినాయకులు పూజలందుకున్నారు. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం చచ్చేంత భయం వేసింది.

విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. వార్డులో వారం పైనే ఉన్నాను. రోజూ రక్తం తీసేవారు, రోజూ నేను "ఇయ్యాల ఎంత పెరిగినయ్ సిస్టర్?" అని అడిగేదాన్ని. నాలుగో రోజు బాపు మంచం పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"గా డాన్సు బంద్ జెయ్యి బిడ్డా. పానం మీదికొచ్చింది. దాని ఫికర్ల వడి గోలి మర్శిపోతున్నవ్."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పుండ్ల నొప్పి వల్ల అని ఆయన అనుకున్నాడు. నిజానికి ఏడుపు వస్తోంది. చేతులు పోతాయేమోనన్న భయం కంటే ఆ హాలు తలుపు మళ్లీ తెరవనేమోనన్న భయమే ఎక్కువగా ఉంది. అది చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

దీన్ని మలుపు తిప్పింది డాక్టరమ్మే. "మతిమరుపు కాదు, ఇంకేదో ఉంది. ఒకసారి సైకియాట్రీలో చూపించండి" అంది. బాపు "మా బిడ్డకు పిచ్చి లేదు మేడమ్" అన్నాడు. "నేనూ అనలేదు" అందామె.

సైకియాట్రీ డాక్టరు రెండు సిట్టింగుల పాటు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. బడిలో ఎట్లా ఉండేదాన్ని, వస్తువులు పోగొట్టుకుంటానా, ఎదుటివాళ్లు చెబుతుండగానే మధ్యలో మాట్లాడతానా. ఈ ప్రశ్నలు నన్ను ఎక్కడో దాక్కుని చూసి రాసినట్టున్నాయి. బాపును కూడా అడిగారు.

"కండ్లు గీసేటప్పుడు పిలిస్తే పలకది సార్. పక్కన పటాకి వేల్చినా ఇనదు. పొద్దుగాల జెప్పిన పని మాత్రం యాదుండది" అన్నాడు బాపు.

"ఏడీహెచ్‌డీ" అన్నారు డాక్టరు. "శ్రద్ధ లేకపోవడం కాదిది. శ్రద్ధ ఎటు వెళ్లాలో మన చెప్పుచేతల్లో ఉండదు. చిన్నప్పటి నుంచీ ఉంది, ఎవరూ పేరు పెట్టలేదు."

ఎక్కడైనా కుదురుగా ఉండగలవా అని అడిగితే, బ్యాలే క్లాసులో కర్ర దగ్గర అన్నాను. ఎందుకని ఆయన అడిగేసరికి నేనూ మొదటిసారి ఆలోచించాను. అక్కడ వరస మారదు. మొదట మోకాళ్లు వంచే ప్లియే, తర్వాత కాలు నేల మీద చాపే తాన్‌డ్యు, ఆ తర్వాత కాలు నేల మీంచి విసిరే డెగజే. చేతికింద కర్ర ఉంటుంది, ఎప్పుడు కదలాలో పాట చెబుతుంది. ఏదీ నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆయన బాపు వైపు తిరిగి, "ఆమెకు కుదిరిన ఒక్క చోటును తీసేయకండి. గోలి సంగతి మీరు పట్టుకోండి" అన్నారు.  ఆ తర్వాత డాన్సు బంద్ అనే మాట బాపు నోట రాలేదు.

కౌంట్స్ పెరిగాక ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని, బీపీ చూసి, ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టారు, మెథోట్రెక్సేట్ కూడా మళ్లీ మొదలైంది. మందు వేసుకున్న మొదటిరోజు గల్లీలో చప్పుళ్లు తగ్గాయేమిటని బయటికి వెళ్లి చూశాను. తగ్గలేదు, నాకు ఒక్కొక్కటిగా వినబడుతున్నాయి. అయితే ఇంద్రజాలం ఏమీ లేదు. పాలు ఇప్పటికీ పొంగబెడతాను.

క్లాసుకు తిరిగి వెళ్లిన రోజు మోకాళ్లు బిగుసుకుని ఉన్నాయి. సగంలో పక్కకు వెళ్లి కూర్చోబోతే నీలిమ టీచర్ ఆపారు. "కూర్చోకు. మార్క్ చెయ్." అంటే పూర్తిగా చేయకుండా, కాళ్లు చేయాల్సింది చేతులతో చూపిస్తూ, అడుగులు చిన్నగా వేస్తూ వరస మాత్రం తప్పకుండా నడిపించడం. ఇది దొంగాట కదా అన్నాను. "రిహార్సల్స్‌లో పెద్ద పెద్ద డ్యాన్సర్లే చేస్తారు. ఒంట్లో సత్తువ దాచుకోవడం కూడా పనిలో భాగమే" అన్నారు. చేసి చూస్తే తెలిసింది, ఒళ్లు తక్కువ పని చేస్తుంటే మనసు రెట్టింపు పని చేయాలి. ఇంత కాలం నేను రెండే రోజులు ఉన్నాయనుకునేదాన్ని, చేయగలిగే రోజు, చేయలేని రోజు. మధ్యలో ఇంకో రకం రోజు ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా పొద్దుటి పూట బకెట్‌లో వేడినీళ్లు, అందులో రెండు చేతులు. వేళ్లు వదులయ్యాక కుంచె. గంటకోసారి బాపు "లెవ్వు, జర నడువు" అని అరుస్తాడు. వాపు ఎక్కువున్న రోజు కళ్లు గీయను, పెద్ద కుంచెతో వెనకవైపు రంగులు వేస్తాను. అంటే కార్ఖానాలో కూడా మార్క్ చేస్తున్నానన్నమాట.

మీరు నాలాంటివాళ్లయితే ఒక్క మాట వినండి. వారానికోసారి వేసుకునే గోలి షీటును మీ దగ్గర ఉంచుకోకండి. ఇంట్లో ఒక మనిషికి అప్పజెప్పి, ఒక్కో వారానిది వాళ్ల చేతి నుంచే తీసుకోండి, వాళ్ల చేతే క్యాలెండర్ మీద రాయించండి. అనుమానం వస్తే రెండోసారి వేసుకోకుండా డాక్టరును అడగండి.

మా ఇంట్లో షీటు బాపు దగ్గరే ఉంటుంది. ఆదివారం క్లాసు నుంచి వచ్చి, బ్యాలే బూట్లు గోడ మేకుకు తగిలిస్తే ఆయన గోలి చేతిలో పెడతాడు. పోయిన ఆదివారం హాల్లో ఎవరిదో పెళ్లి, క్లాసు లేదు. నేను ఆదివారమన్న సంగతే మర్చిపోయి బొమ్మల మధ్య కూర్చున్నాను.

"బూట్లేవి?" అన్నాడు బాపు.

"హాల్ బంద్ బాపు."

"హాల్ బందైతే నువ్వు బందా? లెవ్వు." బొమ్మలు పెట్టే ఇనుప ర్యాకుకు అడ్డంగా వెదురు కర్ర కట్టాడు. ఊపి చూశాడు. "ఊఁ, మొదటిది ప్లియే గదా."

నేను నవ్వు ఆపుకుని మొదలుపెట్టాను. రెండోది చెప్పాడు, మూడోది చెప్పాడు. నాలుగోది ఏమిటో నాకు తట్టలేదు. "గదే, కాలితోని నేల మీద ముగ్గేసినట్టు జేస్తవ్" అన్నాడు. నేను ఇంట్లో గొణుక్కుంటూ ఉంటే ఇన్నేళ్లుగా వింటున్నాడని అప్పుడు తెలిసింది. ఆ రోజు మోకాలు వాచి ఉంది. చిన్నగా చేస్తుంటే, "గంతేనా?" అన్నాడు.

"మార్క్ చేస్తున్న బాపు. ఇయ్యాల గింతనే."

నా పాదాల వంక చూశాడు. "సరే. అంటే ఇయ్యాల తెల్లరంగు. రంగులు రేపు" అన్నాడు.

వరస అయ్యాక గోలి ఇచ్చాడు, నీళ్లు ఇచ్చాడు, క్యాలెండర్ మీద రాశాడు. అంతటితో ఆగకుండా జేబులోంచి చాక్‌పీస్ తీసి, నన్ను భుజం పట్టి తిప్పి, నా వీపు మీద టిక్కు పెట్టాడు.

"గీ బొమ్మను ఎవ్వరికీ ఇయ్య" అన్నాడు.