శవాసనంలో మా బాబాయి

మా బాబాయి శవాసనంలో గురక పెడతాడు. మనిషి యోగా గురువు.

అది తప్ప ఆయనకు పెట్టడానికి వంక లేదు. కాకపోతే అది రెండు తోటల అవతలికి వినిపిస్తుంది.

కొబ్బరితోట నడుమ రేకుల కప్పు కింద యోగా హాలు. పక్కనున్న పాకలో పిన్ని బొమ్మలు వేయడం నేర్పుతుంది. నగరం చప్పుళ్లకు విసిగినవాళ్లు వారం రోజులుండటానికి వస్తారు. ‘ఆకు రాలినా వినిపించేంత నిశ్శబ్దం’ అని కరపత్రంలో రాసింది నేనే. కప్పల సంగతి రాయలేదు. వానలో రేకుల సంగతీ రాయలేదు. బాబాయి సంగతి రాయడానికి చోటు చాలలేదు.

తరగతి చివర అందరినీ వెల్లకిలా పడుకోబెడతాడు. “ఒళ్లు వదిలేయండి. మనసు వదిలేయండి.” మూడో మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఆపాటికి ఆయనే అన్నీ వదిలేసి ఉంటాడు. మొదట కుక్కరు ఆవిరి. తర్వాత బురదలో దిగబడ్డ లారీ.

ఒకాయన ఆ గురకను బొమ్మగా వేస్తానని కూర్చున్నాడు. పిన్ని నల్లరంగు సీసా ఖాళీ అయింది.

ఈసారి వచ్చిన ఇంజనీరు మాత్రం ఊరుకోలేదు.

“మా ఇంటి పక్కన వంతెన కడుతున్నారమ్మా. అదే నయం. ఆదివారం సెలవిస్తారు.”

పిన్ని బాబాయిని నిలదీసింది. “ఇంకొక్క ఫిర్యాదు వస్తే హాలుకి వేరే గురువుని పెడతాను. మీరు నా పాకలో కుంచెలు కడుక్కోండి.”

“నిద్రలో మనిషి ఏం చేయగలడే?”

“ఇంట్లో మంచం మీద గురక రాదేం మరి?”

బాబాయి కొబ్బరిచెట్లను చూశాడు.

మర్నాడు పిన్ని నన్ను ఆయన పక్క చాప మీద కాపలా పడుకోబెట్టింది. గురక మొదలవగానే తట్టి లేపాలి. మొదలైంది. చెయ్యి చాచాను. బాబాయి ఒక కన్ను తెరిచే ఉంది. గురక ఆపకుండానే ఆ కంటితో చివరి వరుస చూపించాడు.

అక్కడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ పడుకుని ఉంది. ముఖం మీద తువ్వాలు. భుజాలు అదురుతున్నాయి. ఆమె వెక్కినప్పుడల్లా లారీ గేరు మారుతోంది. ఆమె తగ్గితే ఇదీ తగ్గుతోంది.

“ప్రతి బ్యాచిలోనూ ఒకరుంటారురా,” అన్నాడు తర్వాత. “ఒళ్లు వదిలేయమంటే ముందు వచ్చేది ఏడుపే. నువ్వు రాసిన నిశ్శబ్దంలో ఎలా ఏడుస్తారు, పాపం?”

“పిన్నికి చెప్పొచ్చుగా?”

“చెబితే వెళ్లి ఓదారుస్తుంది. ఇక అందరికీ తెలిసిపోతుంది.”

నేను చెప్పేశాను. పిన్ని టీ గ్లాసులో కుంచె ముంచింది.

తెల్లారేసరికి బాబాయికి గొంతు పట్టేసింది. శవాసనంలో నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. నా కరపత్రం మొదటిసారి నిజమైంది. చివరి వరుసలో ఒక వెక్కు బయటికి వచ్చి, సగంలో బెదిరి ఆగిపోయింది. ఇంజనీరు తల తిప్పబోయాడు.

అప్పుడు గుమ్మం దగ్గర చాప మీదినుంచి గురక లేచింది.

పిన్ని. జన్మలో గురక పెట్టిన మనిషి కాదు. తుప్పు పట్టిన గేటు తీసి వేస్తున్నట్టుంది. చివరి వరుసలో తువ్వాలు మళ్లీ కదిలింది.

ఇంజనీరు లేచి కూర్చున్నాడు. “ఇప్పుడు నేనెవరికి చెప్పుకోవాలండీ?”

బాబాయి కళ్లు తెరవలేదు. గొంతు లేకపోయినా గురువు గురువే.

“పొట్టలోంచి తియ్యవే,” అన్నాడు గుసగుసగా. “పొట్టలోంచి.”