మొన పైకి పెట్టిన కత్తులు

ఆవిడని వీధిలో అందరూ హాస్టలమ్మ అంటారు. ఆడపిల్లల హాస్టల్లో ఏళ్ల తరబడి వంట చేసి, మోకాళ్లు మొరాయించాక మానేసింది. వందమంది ఆకలికి ఏనాడూ బెదరని మనిషి, ఇప్పుడు ఇంట్లో గిన్నెలు కడిగే మెషీన్ ఆగిందంటే చాలు, గుండె గుప్పిట్లో పెట్టుకుంటుంది. మెషీన్ ఏం చేస్తుందోనని కాదు. దాన్ని ఖాళీ చేసేది ఆయన. అదీ భయం.

ఆయన అంటే భర్త. బస్సు నడిపినవాడు. షుగరు ముదిరి చూపు పోయింది. అప్పట్నుంచీ కుర్చీకి అతుక్కుపోయి, "నాకేం పనుందే, ఊపిరి పీల్చడం తప్ప!" అనేవాడు. సబ్బునీళ్లకి తల్లి చేతులు పగిలిపోతున్నాయని కూతురు మెషీన్ కొనిచ్చినప్పుడు, ఆయనే అడిగి మరీ ఆ పని పుచ్చుకున్నాడు. "పెట్టడం నీది, తియ్యడం నాది" అన్నాడు.

పనిమంతుడే, కాదనకూడదు. మెషీన్ ఆగగానే తలుపు తెరవడు. వేడిమీదున్న గాజు చిట్లుతుందని కాసేపు చల్లారనిస్తాడు. పై అరలో గ్లాసుల అడుగున నిలిచిన నీళ్లు కింది పళ్లేల మీద కారకుండా, ముందు కింది అరే ఖాళీ చేస్తాడు. ఆవిడ గ్లాసులు ఒకదానికొకటి తగిలేలా సర్దిందంటే అంచు తడిమి పట్టేస్తాడు. "ఇదిగో, పెచ్చు లేచింది. బస్సుల్ని కూడా ఇంత ఆనించి నిలపరే!" అని దెప్పుతాడు. వేడినీళ్లకి పగుళ్లిచ్చే చెక్కగరిటె లోపల దొరికిందా, ఇక ఆ పూటంతా అదే పాట.

ఆవిడ మాటలు పడేది. కానీ ఆ వేళ్లు అరల్లో తడుముకుంటూ తిరుగుతుంటే ప్రాణం గిలగిల్లాడేది. చిన్న గాయమైనా మానడం కష్టమనీ, ముదిరితే వేలే తీసెయ్యాల్సి రావచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆ వేళ్లే కదా ఇప్పుడాయన కళ్లు! అందుకని ఆయన కుర్చీలోంచి లేచేలోపే పిల్లిలా వెళ్లి, మెషీన్లోని స్పూన్ల బుట్టలోంచి కత్తులు తీసి దాచేసేది. ఆ సంగతి ఆయనకు చెప్పేది కాదు, చెబితే చిన్నబుచ్చుకుంటాడని.

అసలు కత్తుల్ని మొన కిందికి పెడితే ఇంత గొడవే లేదు. హాస్టల్ వంటగదిలో కత్తులన్నీ ఒక డబ్బాలో మొన పైకి నిలబెట్టేవాళ్లు, ఏ కత్తి ఏదో చూడగానే తెలియడానికి. కళ్లున్నవాళ్ల అలవాటది. ఇంటికొచ్చినా చెయ్యి ఆ అలవాటు మానలేదు, తిప్పి పెడితే సరిపోతుందని ఆవిడ బుర్రకి తట్టనూ లేదు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. మెషీన్ ఇంకా తిరుగుతోంది కదా అని ఆవిడ దుప్పట్లు తీసుకురావడానికి మేడెక్కింది. పిట్టగోడ దగ్గర పక్కింటావిడ మాటల్లోకి దింపింది. వానచినుకు మీద పడి ఈ లోకంలోకి వచ్చేసరికి, కింద పళ్లేల గలగల. పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ! ఆగండి! చెయ్యి పెట్టకండి!"

పరిగెత్తడానికి మోకాళ్లేవి! గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే, కింద గలగల ఆగిపోయింది. ఆయన అరిచినా బాగుండేది. ఏ చప్పుడూ లేకపోయేసరికి ఆవిడకి చెమటలు పట్టాయి.

ఆయన మెషీన్ ముందు పీట మీద, తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో తువ్వాలు కింద ఉంది. పళ్లేలన్నీ బల్లమీద దొంతరగా పేర్చేశాడు. పై పళ్లెం అంచున ఎర్రటి వేలిముద్ర పడింది.

"ఏంటలా అరిచావు? అయిపోవచ్చింది. స్పూన్లే మిగిలాయి."

"చెయ్యి చూపించండి."

"ఏం లేదే."

"చూపిస్తారా, లేదా?"

తువ్వాలు లాగేసింది. చూపుడువేలి కొస తెగింది. కుళాయి కింద కడిగి, మందు రాసి కట్టు కట్టింది. గాయం లోతుగా లేదు. అయినా ఆవిడ భయం కోపమైంది. రేపట్నుంచి దీని ఛాయలకి రావద్దని అరిచేద్దామని నోరు తెరిచింది.

ఆయన ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"డాక్టరు దగ్గరికి ఇప్పుడే పోదాం. నువ్వేం చెబితే అది వింటాను. ఈ పని మాత్రం తీసెయ్యకే. మళ్లీ నన్ను ఆ కుర్చీలో కూలెయ్యకు."

ఆ గొంతు అంత చిన్నగా పలకడం ఆవిడ ఎన్నడూ వినలేదు. ఇన్నాళ్లూ ఆవిడ కత్తులకి భయపడింది. ఆయన భయపడింది ఆవిడకే.

కళ్లు తుడుచుకుని బుట్టలోంచి కత్తులు తీసేసింది. "తప్పు నాదండీ, మొనలు పైకి పెట్టాను. ఇకమీదట కత్తులు చేత్తోనే కడుక్కుంటాను. మీకు తెలియకుండా ఏదీ తియ్యను."

"మరి స్పూన్లు?"

ఆవిడ బుట్టని ఆయన ముందుకు జరిపింది.

"ఎడంచేత్తో తియ్యండి. అవయ్యాక డాక్టరు దగ్గరికి" అంది. పక్కనే నిలబడి, ఆఖరి స్పూను బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూసింది.